అరగంట ఎడం ఉంటే చాలా? మానసిక చికిత్సతో పాటు వాడే పక్క వైద్యాలపై పాఠకుల ప్రశ్నలు

ఈ నెల వచ్చిన ఉత్తరాలు చాలావరకు ఒకే సంగతి అడుగుతున్నాయి. డాక్టరు రాసిన మందు మానకుండా ఆయుర్వేదమో, యోగానో, ప్రకృతి చికిత్సో, దీక్షో కలుపుకోవచ్చా అని. చాలావాటికి "కలుపుకోవచ్చు" అన్నదే జవాబు. అయితే ఏది కలిపితే ఒంట్లో ఏం మారుతుందో తెలిసి కలపాలి. రాసినవారి పేర్లు తీసేసి ఊళ్ళు మాత్రం ఉంచాం.

మా చెల్లెలికి 34 ఏళ్ళు. డిప్రెషన్‌కి ఎస్సిటలోప్రామ్ 10 మి.గ్రా. నాలుగు నెలలుగా వేసుకుంటోంది, బాగానే ఉంది. మందుల దుకాణంలో అశ్వగంధ చూర్ణం ఇచ్చి, ఇంగ్లీషు మందుకీ దీనికీ అరగంట ఎడం ఉంటే ఏం కాదన్నారు. అమెరికాలో ఉన్న మా అబ్బాయి సెయింట్ జాన్స్ వర్ట్ అనే మూలిక మాత్రలు కూడా పంపాడు. రెండూ వాడొచ్చా? (తెనాలి)

ముందు అమెరికా సీసా సంగతి. దాని మూత తీయకండి. సెయింట్ జాన్స్ వర్ట్ ఉత్తుత్తి మూలిక కాదు, నిజంగా పనిచేస్తుంది. చిక్కంతా అక్కడే ఉంది. ఎస్సిటలోప్రామ్ మెదడులో పెంచే సెరటోనిన్ అనే రసాయనాన్నే ఇదీ పెంచుతుంది. రెండూ కలిస్తే అది హద్దు దాటి వణుకు, చెమటలు, విరేచనాలు, గుండె దడ, కాళ్ళు ఉలిక్కిపడటం, కంగారు, ముదిరితే జ్వరం వస్తాయి. ఇవి సాధారణంగా కొత్త మందు మొదలుపెట్టిన ఒక రోజులోపే కనిపిస్తాయి. కనిపిస్తే ఆసుపత్రికి వెళ్ళాలి, రేపు చూద్దాం అనుకోకూడదు. పైగా ఈ మూలిక కాలేయంలో మందులను విరగగొట్టే ఎంజైములను ఎక్కువ చేస్తుంది. అందువల్ల గర్భనిరోధక మాత్రలు, రక్తం గడ్డకట్టకుండా వాడే వార్ఫరిన్, కిడ్నీ మార్పిడి తర్వాత వాడే సైక్లోస్పోరిన్ లాంటివి పలచబడిపోతాయి. మూలిక ఆపినా ఆ ప్రభావం పోవడానికి రెండు వారాలు పడుతుంది.

ఇక అరగంట మాట. ఒక మందు ఇంకోదాన్ని కడుపులో పట్టి ఉంచి, ఒంటికి పట్టనీయకుండా చేసే సందర్భాల్లో ఎడం పనికొస్తుంది. ఇసబ్‌గోల్ లాంటి పీచు పదార్థాలతో రెండు గంటలు ఆగమనేది అందుకే. కానీ మనసు మందుల తగవులు కడుపులో జరగవు, కాలేయంలోనూ మెదడులోనూ జరుగుతాయి. ఎస్సిటలోప్రామ్ ఒంట్లో సగం కావడానికి దాదాపు 30 గంటలు పడుతుంది. ఉదయం 8 గంటలకు వేసుకున్న మాత్రలో సగం మర్నాడు మధ్యాహ్నం 2 గంటలకు కూడా రక్తంలో తిరుగుతూనే ఉంటుంది. అరగంట ఎడం దాన్నేం ఆపుతుంది?

అశ్వగంధకు ఎస్సిటలోప్రామ్‌తో అలాంటి పెద్ద తగవు లేదు. అయినా నాలుగు సంగతులు చూడాలి. థైరాయిడ్ హార్మోన్‌ను పెంచగలదు, కాబట్టి చెల్లెలు థైరాక్సిన్ మాత్ర వేసుకుంటుంటే డాక్టరుకి చెప్పకుండా మొదలుపెట్టకూడదు. అరుదుగా కాలేయాన్ని దెబ్బతీస్తుంది. ఒళ్ళంతా దురద, మూత్రం ముదురు పసుపు, కళ్ళు పచ్చబడటం కనిపిస్తే ఆ పూటే ఆపాలి. గర్భం కోసం చూస్తున్నా, గర్భంతో ఉన్నా వద్దు. క్లోనాజెపామ్ లాంటి నిద్రమాత్ర కూడా ఉంటే మత్తు ఎక్కువవుతుంది. ఇంకొకటి: ఆందోళన, నిద్రలేమి మీద జరిగిన పరీక్షల్లో ఎక్కువగా వాడింది వేరు సారం, 300 మి.గ్రా. చొప్పున రోజుకి రెండుసార్లు. చూర్ణం మోతాదు 3 నుంచి 6 గ్రాములు. రెండూ ఒకటి కావు. దాని ఫలితం దీనికి అంటగట్టి చెప్పడం అమ్మేవాళ్ళ అలవాటు.

వాడదలచుకుంటే థైరాయిడ్, కాలేయ పరీక్షలు ముందొకసారి, ఆరు నుంచి ఎనిమిది వారాలకు మరోసారి చేయించండి. ఆ వ్యవధిలో కొత్తగా ఇంకేదీ కలపవద్దు, ఎస్సిటలోప్రామ్ డోసూ కదపవద్దు. రెండు మార్పులు ఒకేసారి చేస్తే బాగైనా పాడైనా దేనివల్లో తేలదు. బాగున్నాక కూడా ఆ మాత్ర కనీసం ఆరు నుంచి తొమ్మిది నెలలు సాగాలి. ఒక్కసారిగా ఆపితే తల తిరుగుడు, తలలో కరెంటు కొట్టినట్టు ఉండటం, చిరాకు వస్తాయి. వాటిని చూసి "అలవాటు పడిపోయింది" అనో, "అశ్వగంధ పడలేదు" అనో అనుకుంటారు.

కొనేటప్పుడు విడి పొడి కొనకండి. లైసెన్స్ నంబరు, బ్యాచ్ నంబరు, అందులో ఏమేం ఉన్నాయో రాసిన డబ్బా కొనండి. పేరులో రసం, భస్మం ఉంటే వైద్యుడి చీటీ లేకుండా వద్దు. ఇంటర్నెట్‌లో కొన్న 193 ఆయుర్వేద ఉత్పత్తులను అమెరికాలో పరీక్షిస్తే దాదాపు 21 శాతంలో సీసం, పాదరసం, ఆర్సెనిక్‌లలో ఏదో ఒకటి దొరికిందని 2008లో ప్రచురించారు. నిద్రకి, బీపీకి అని ఇచ్చే మాత్రల్లో సర్పగంధ ఉందేమో కూడా చదవండి. అందులోని రిసర్పిన్ సెరటోనిన్ నిల్వలను ఖాళీ చేస్తుంది. డిప్రెషన్ ఉన్నవాళ్ళకి అది నిప్పుకి నెయ్యి పోసినట్టే.

మా నాన్నగారికి బైపోలార్ (అతి ఉత్సాహం, దిగులు మార్చి మార్చి వచ్చే జబ్బు). ఆరేళ్ళుగా లిథియం వాడుతున్నారు. మోకాళ్ళ నొప్పులకీ బరువుకీ పది రోజులు ప్రకృతి చికిత్సాలయంలో చేర్పిద్దామనుకుంటున్నాం. ఉప్పు లేని తిండి, రెండు మూడు రోజులు రసాలతో ఉపవాసం, ఆవిరి స్నానం, ఎనిమా ఉంటాయట. మందు మానమని వాళ్ళు అనలేదు. ఇబ్బంది ఉండదు కదా? (కరీంనగర్)

మందు మానకపోవడమే ఇక్కడ ఇబ్బంది తెస్తుంది. లిథియం కూడా ఒక లవణమే. కిడ్నీ దాన్నీ ఉప్పులోని సోడియాన్నీ వేరుచేసి చూడలేదు. తిండిలో ఉప్పు తగ్గగానే, లేదా చెమట, విరేచనాల ద్వారా పోగానే, కిడ్నీ సోడియాన్ని పొదుపు చేయడం మొదలుపెడుతుంది. ఆ పొదుపులో లిథియాన్నీ వెనక్కి లాక్కుంటుంది. మాత్రల లెక్క మారకపోయినా రక్తంలో మోతాదు పెరిగిపోతుంది. మీరు చెప్పిన నాలుగూ, అంటే చప్పిడి తిండి, ఉపవాసం, ఆవిరి, ఎనిమా, విడివిడిగానే చాలు. అన్నీ ఒకే వారంలో పడితే చెప్పనక్కర్లేదు.

లిథియం రక్తంలో లీటరుకి 0.6 నుంచి 1.0 మిల్లీ ఈక్వివలెంట్ల మధ్య ఉండాలి. 1.5 దాటితే విషమే. మందుకీ విషానికీ మధ్య ఇంత సన్న గోడ ఉన్న మందులు చాలా తక్కువ. వేళ్ళు సన్నగా వణకడం లిథియం వాడేవాళ్ళలో మామూలే. చెయ్యి పెద్దగా ఊగడం, వాంతులు, నీళ్ళ విరేచనాలు, తూలడం, మాట ముద్దగా రావడం, మగతగా ఉండటం మామూలు కాదు. చికిత్సాలయంలో వీటిని "ఒంట్లో విషాలు బయటికి పోతున్నాయి" అని సర్దిచెప్తే నమ్మకండి. అప్పుడు ఒంట్లోకి విషం ఎక్కుతోంది. తర్వాతి డోసు ఆపి, ఆ రోజే రక్తపరీక్ష చేయగల ఆసుపత్రికి తీసుకెళ్ళాలి.

ఇంకో రెండు దారుల్లోనూ మోతాదు పెరుగుతుంది. మోకాళ్ళకి వేసుకునే డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ లిథియాన్ని పెంచుతాయి. పారాసిటమాల్ పెంచదు. రోజూ నాలుగు కప్పుల కాఫీ తాగే మనిషి అక్కడ హఠాత్తుగా మానేసినా పెరుగుతుంది, ఎందుకంటే కాఫీ లిథియాన్ని మూత్రంలోకి తోస్తూ ఉంటుంది. ఇంటికొచ్చి ఆవకాయతో మొదలుపెడితే మళ్ళీ పడిపోతుంది. అప్పుడు మానియా (హద్దు దాటిన ఉత్సాహం) తిరగబెట్టే ప్రమాదం.

వెళ్ళడమే వద్దని అనడం లేదు. ఆసనాలు, నడక, మట్టి పట్టీ, మర్దన, వేడి కాపడం చేయించుకోవచ్చు. ఉపవాసం, చప్పిడి తిండి, ఆవిరి, ఎనిమా వద్దని సైకియాట్రిస్టు చేత చీటీ మీద రాయించి, చేరేటప్పుడే ఇవ్వండి. రోజూ ఇంట్లో తినేంత ఉప్పే అక్కడా తినాలి, నీళ్ళు రెండున్నర లీటర్లకి తగ్గకూడదు. వెళ్ళేముందు ఒకసారి, అక్కడ అయిదు నుంచి ఏడు రోజుల మధ్య ఒకసారి లిథియం పరీక్ష చేయించండి. రాత్రి మాత్ర వేసుకున్న 12 గంటలకు రక్తం ఇవ్వాలి. ఉదయం మాత్ర వేసుకుని వెళ్ళి ఇస్తే అంకె తప్పుగా ఎక్కువ వస్తుంది. వమనం, విరేచనం ఉండే పంచకర్మకీ ఇదే వర్తిస్తుంది.

మా తమ్ముడికి స్కిజోఫ్రెనియా. క్లోజపిన్ 300 మి.గ్రా.తో రెండేళ్ళుగా నిలకడగా ఉన్నాడు. ఈసారి అయ్యప్ప మాల వేసుకుంటానంటున్నాడు. దీక్ష అతనికి మంచిదేనా? రోజుకి పెట్టె సిగరెట్లు తాగుతాడు, ఈ వంకతోనైనా మానతాడని అమ్మ ఆశ. (వరంగల్)

వేళకి లేవడం, తోటి స్వాముల సాంగత్యం, మద్యం లేకపోవడం, చేయడానికో పని ఉండటం అన్నీ మంచివే. మీ అమ్మగారు ఆశపడుతున్న సిగరెట్ దగ్గరే జాగ్రత్త పడాలి.

పొగలోని మసి పదార్థాలు క్లోజపిన్‌ను కాలేయంలో త్వరగా విరగగొట్టిస్తాయి. రోజుకి పెట్టె తాగే మనిషికి డాక్టరు కుదిర్చిన 300 మి.గ్రా. ఆ పొగ నష్టాన్ని కూడా లెక్కలో వేసుకుని కుదిరిన డోసు. మాల వేసుకున్న రోజే పొగ ఆగితే వారం తిరిగేసరికి రక్తంలో మందు సగానికి సగం, ఒక్కోసారి ఇంకా ఎక్కువ పెరగొచ్చు. పగలు కూడా లేవలేని నిద్ర, దిండు తడిసేంత చొల్లు, తూలడం, చివరికి ఫిట్స్. "దీక్ష కఠినంగా ఉంది, అలిసిపోయాడు" అని ఇంట్లో అనుకుంటారు. దీన్ని చేసేది పొగే, నికోటిన్ కాదు. నికోటిన్ బిళ్ళో పట్టీయో పెట్టుకున్నా ఈ పెరుగుదల ఆగదు. బీడీకీ ఇదే లెక్క. గుట్కా, ఖైనీలకి వర్తించదు. ఇదే జబ్బుకి వాడే ఓలాంజపిన్‌కీ కొంతవరకు వర్తిస్తుంది.

కాబట్టి మాల వేసుకోవడానికి రెండు వారాల ముందే డాక్టర్ని కలవండి. పొగ ఆగిన వారంలో క్లోజపిన్‌ను మెల్లగా, సుమారు నాలుగో వంతు వరకు తగ్గించడం సాధారణ పద్ధతి. వీలుంటే రక్తంలో మందు స్థాయి ముందూ తర్వాతా చూస్తారు. ఎంత తగ్గించాలో డాక్టరే చెప్పాలి, మీరు ఇంట్లో మాత్ర విరిచి చూడకండి.

41 రోజుల తర్వాత సంగతి ఎవరూ తలచుకోరు. మాల తీసిన సాయంత్రమే సిగరెట్ వెలిగిస్తే, తగ్గించిన డోసు చాలదు. కొన్ని వారాల్లో గొంతులు మళ్ళీ వినిపించడం మొదలవుతుంది. అప్పుడు "దీక్షలో ఏదో అపచారం జరిగింది" అంటారు. అపచారమేం లేదు, మందు పలచబడింది. మళ్ళీ తాగడం మొదలైతే ఆ వారమే డాక్టరుకి చెప్పండి.

మిగతావి చిన్న జాగ్రత్తలు. ఒంటిపూట భోజనంతో మలబద్ధకం పెరుగుతుంది. క్లోజపిన్ వాడేవారిలో అది ప్రాణం మీదికి తేగలదు. నీళ్ళు, కూరలు, పళ్ళు బాగా పెట్టండి. మూడు రోజులు విరేచనం కాకపోతే డాక్టరుకి ఫోను చేయాలి. తెల్లవారుజామున లేచి చన్నీళ్ళు పోసుకోవడానికి గభాలున నిలబడితే బీపీ పడి కళ్ళు తిరుగుతాయి. ముందు ఒక నిమిషం కూర్చోవాలి. రాత్రి మాత్రని తొందరగా, భజన ముగియగానే వేసుకుంటే పొద్దున మత్తు తక్కువ. శబరిమల ప్రయాణంలో మందులు ఇరుముడిలో కాక చేతి సంచిలో, చీటీ నకలుతో ఉండాలి. క్లోజపిన్ 48 గంటలు తప్పితే పాత డోసుతో మొదలుపెట్టకూడదు. మళ్ళీ 12.5 మి.గ్రా. నుంచి మెట్లెక్కాల్సిందే. నెలవారీ రక్తకణాల పరీక్ష దీక్షలో పడితే వాయిదా వేయకండి. రక్తం ఇస్తే దీక్ష చెడదని గురుస్వామి చేత ఒక మాట చెప్పిస్తే పని సులువవుతుంది.

మావారు తాగుడు మానడానికి డైసల్ఫిరామ్ 250 మి.గ్రా. వేసుకుంటున్నారు. నీరసంగా ఉందని మా అత్తగారు అశ్వగంధారిష్టం తెచ్చారు. మొదటి రోజే ముఖం ఎర్రబడి, గుండె దడతో వాంతులు చేసుకున్నారు. దొంగతనంగా తాగారని ఇంట్లో గొడవ. (కాకినాడ)

గొడవ ఆపండి. తాగించింది అరిష్టమే కావచ్చు. పేరు చివర ఆసవం, అరిష్టం అని ఉన్నవన్నీ పులియబెట్టి చేసేవి. ద్రాక్షాసవం, సారస్వతారిష్టం, దశమూలారిష్టం అన్నిటిలోనూ తనంతట పుట్టిన ఆల్కహాల్ 5 నుంచి 10 శాతం దాకా ఉంటుంది. సీసా మీద సన్నటి అక్షరాల్లో రాసే ఉంటుంది. అంటే బీరుకి తక్కువేం కాదు. డైసల్ఫిరామ్‌తో అది పడితే జరిగేది మీరు చూసిందే. గుండెజబ్బు ఉన్నవారికి ప్రమాదకరం కూడా. ఈ మాత్ర ఆపిన తర్వాత రెండు వారాల వరకు ప్రతిచర్య రావొచ్చు. కొన్ని దగ్గు సిరప్పులు, పుక్కిలించే మందులు, హోమియో మదర్ టింక్చర్లలో కూడా ఆల్కహాల్ ఉంటుంది. బలానికి ఏదైనా కావాలంటే చూర్ణం, లేహ్యం రూపంలో ఉన్నది వైద్యుణ్ణి అడగండి. నీరసం డైసల్ఫిరామ్ వల్ల కాలేయం మీద పడుతున్న భారం కూడా కావచ్చు. ముందు కాలేయ పరీక్ష చేయించండి.

పానిక్ అటాక్స్‌కి సెర్ట్రలిన్ 50 మి.గ్రా. వాడుతున్నాను. ప్రాణాయామం మంచిదని విని కపాలభాతి, భస్త్రిక చేస్తే అటాకే వచ్చింది. ఇక మానేయాలా? (హైదరాబాద్)

ఆ రెండూ మానేయండి, ప్రాణాయామం మానవద్దు. వేగంగా ఊదేటప్పుడు రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పడిపోతుంది. దానితో వేళ్ళూ పెదాలూ తిమ్మిరి, తల తేలిక, ఛాతీ బిగింపు. సరిగ్గా అటాక్ వచ్చేటప్పుడు ఉండే లక్షణాలే. మెదడు తేడా తెలియక గంట కొట్టేస్తుంది.

కుర్చీలో వీపు ఆనించి కూర్చోండి. ఒక చెయ్యి పొట్ట మీద. ముక్కుతోనే, నాలుగు అంకెలు లోపలికి, ఆరు అంకెలు బయటికి. నిమిషానికి ఆరు ఊపిరులు వస్తాయి. బిగబట్టడం వద్దు. మొదటి వారం రోజూ అయిదు నిమిషాలు, తర్వాత పొద్దునా సాయంత్రం పదేసి. అందరూ చేసే పొరపాటు, మెల్లగా పీల్చమంటే గుండెనిండా పీల్చడం. ఊపిరి చిన్నదే ఉండాలి, నిదానంగా ఉండాలి. తల తిరిగితే ఎక్కువ పీలుస్తున్నారని అర్థం. మామూలు ఊపిరికి వచ్చేయండి. చివర్లో భ్రామరి (తుమ్మెదలా ఝుంకరిస్తూ ఊపిరి వదలడం) అయిదారు సార్లు చేసుకోవచ్చు.

ఇంకో కిటుకు. ఇది మనసు కుదురుగా ఉన్నప్పుడు చేసే సాధన. అటాక్ వచ్చినప్పుడల్లా దీన్నే ఊతకర్రలా పట్టుకుంటే, "ఊపిరి చేయకపోతే చచ్చిపోయేవాణ్ణి" అన్న నమ్మకం ముదురుతుంది. కౌన్సెలింగ్‌లో సైకాలజిస్టు తొలగించాలని చూసేది ఆ నమ్మకాన్నే. మీ డాక్టరుకీ సైకాలజిస్టుకీ మీరు చేస్తున్నది చెప్పండి. బెంగళూరులోని జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్‌లో మానసిక వైద్యంతో పాటు యోగా జోడించే విభాగమే ఉంది. కాబట్టి ఇది డాక్టరు దగ్గర దాచాల్సిన విషయం కాదు. పది రోజుల మౌన ధ్యాన శిబిరాలు మాత్రం వేరే లెక్క. రోజుకి పది గంటలు కళ్ళు మూసుకు కూర్చోవడం సైకోసిస్ (లేనివి కనిపించడం, వినిపించడం), బైపోలార్ ఉన్నవారికి తగదు. దరఖాస్తులో మానసిక చికిత్స గురించి అడిగే ప్రశ్నకి అబద్ధం రాయకండి.

మిషిగన్‌లో ఉంటాం. నవంబర్ వచ్చిందంటే మంచం దిగబుద్ధి కాదు. డాక్టర్ ఇచ్చిన మందుతో పాటు లైట్ బాక్స్, ఫిష్ ఆయిల్ వాడమని స్నేహితులు అంటున్నారు. (ట్రాయ్, అమెరికా)

చలికాలపు డిప్రెషన్‌కి లైట్ బాక్స్ గట్టి చికిత్సే. 10,000 లక్స్ (వెలుగు కొలత) ఇచ్చేది, అల్ట్రావయొలెట్ వడకట్టేది కొనండి. లేచిన గంటలోపు 30 నిమిషాలు, కళ్ళు తెరిచి, దీపంకేసి సూటిగా చూడకుండా, కాఫీ తాగుతూ కూర్చుంటే చాలు. పెట్టె మీద రాసిన 10,000 లక్స్ ఎంత దూరంలోనో చదవండి. మామూలుగా 40 నుంచి 60 సెంటీమీటర్లు ఉంటుంది. దూరం రెట్టింపయితే వెలుగు సుమారు నాలుగో వంతుకి పడిపోతుంది. బల్ల చివర పెట్టి "పనిచేయలేదు" అనేవాళ్ళే ఎక్కువ. రాత్రి వాడితే నిద్ర పట్టదు. ఇంట్లో ఎవరికైనా బైపోలార్ ఉంటే, మీకు రెటీనా జబ్బు ఉంటే డాక్టర్ని అడగకుండా వద్దు.

ఫిష్ ఆయిల్‌లో డిప్రెషన్‌కి లెక్కలోకి వచ్చేది ఇ.పి.ఎ. అనే భాగం. పరీక్షల్లో వాడింది రోజుకి 1 నుంచి 2 గ్రాములు. మామూలు 1000 మి.గ్రా. గొట్టం మాత్రలో (క్యాప్సూల్‌లో) అది 180 మి.గ్రా. మాత్రమే ఉంటుంది. ఒక్కటి మింగితే చాలదు, గ్రాము కావాలంటే ఆరు మింగాలి. ఇ.పి.ఎ. ఎక్కువున్న రకం కొనడం నయం. మీ డిప్రెషన్ మందు ఎస్సిటలోప్రామ్, సెర్ట్రలిన్ జాతిదై, ఆస్పిరిన్ కూడా వాడుతుంటే రక్తస్రావం పెరగొచ్చు, డాక్టరుకి చెప్పండి. అవిసె గింజల కారప్పొడి అన్నంలోకి బాగుంటుంది. అయితే వాటిలోని నూనె ఒంట్లో ఇ.పి.ఎ.గా మారేది చాలా కొద్ది. శాకాహారులకి నాచు నుంచి తీసిన గొట్టాలున్నాయి.

మా బాబాయి కొడుక్కి గాలి సోకిందని పెద్దవాళ్ళు దర్గాకి తీసుకెళ్ళి మూడు వారాలు ఉంచుదామంటున్నారు. ఆసుపత్రి మందులు ఇప్పుడే మొదలయ్యాయి. ఆపలేకపోతున్నాను. (కడప)

ఆపడానికి పోట్లాడకండి, షరతులు పెట్టండి. దువా (ప్రార్థన), తాయత్తు, విభూతి రాయడం వల్ల మందుకి ఏ అడ్డూ లేదు. గుజరాత్‌లో ఉనావాలోని మీరా దాతార్ దర్గాలో దవా (మందు), దువా రెండూ ఒకేచోట దొరికే ఏర్పాటు కూడా జరిగింది. ఒప్పుకోకూడనివి: గొలుసు, కొట్టడం, మిరపకాయల పొగ, పస్తు పెట్టడం. 2001 ఆగస్టు 6న తమిళనాడు ఎర్వాడిలో దర్గా దగ్గరి మానసిక రోగుల ఆశ్రయంలో మంటలు రేగినప్పుడు 28 మంది చనిపోయింది గొలుసులతో కట్టి ఉండటం వల్లే. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం గొలుసులతో కట్టడాన్ని నిషేధించింది. ఇది పెద్దలకి మెత్తగా చెప్పండి.

పసరు మాత్రం నోట్లో పోయనీయకండి. కొన్నిట్లో ఉమ్మెత్త కలుపుతారు. చేతులు బిగుసుకోకుండా డాక్టర్ ఇచ్చే ట్రైహెక్సిఫెనిడిల్‌తో అది కలిస్తే నోరెండిపోయి, మూత్రం బిగిసి, లేనివి కనిపిస్తాయి. దయ్యం ముదిరిందని ఇంకా పసరు పోస్తారు. కుర్రవాడు మాత్రలు సరిగ్గా వేసుకోడని అనుమానముంటే రెండు లేదా నాలుగు వారాలకొకసారి వేసే ఇంజెక్షన్ ఇప్పుడే మొదలుపెట్టొచ్చేమో డాక్టర్ని అడగండి. రాత్రివేళ ఏం చేయాలో తోచకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలి మానస్ 14416కి ఫోన్ చేయండి. 24 గంటలూ తెలుగులో మాట్లాడతారు.

హోమియో, ఇంగ్లీషు మందులు కలిపి వాడొచ్చా? (భీమవరం)

బాగా పలచబరిచిన గుళికల్లో మందుతో తగవు పెట్టుకునేంత పదార్థం ఉండదు. వాటి ఫలితం మీద మాకు నమ్మకం లేదు గానీ అది వేరే చర్చ. "ఇంగ్లీషు మందు ఆపితేనే గుళికలు పనిచేస్తాయి" అన్న మాట వినిపిస్తే మాత్రం అక్కణ్ణుంచి లేచి వచ్చేయండి.

ఇవన్నీ వాడుతున్నామని చెప్తే సైకియాట్రిస్టు కోప్పడతారు. ఎలా చెప్పాలి? (నెల్లూరు)

చెప్పొద్దు, చూపించండి. డబ్బాలు, సీసాలు, పొట్లాలు అన్నీ ఒక సంచిలో వేసి బల్ల మీద పెట్టండి. ఒక కాగితం మీద పేరు, ఏ తేదీన మొదలుపెట్టారు, రోజుకి ఎంత, వాడాక నిద్ర, తిండి, వణుకు ఎలా ఉన్నాయి అన్నది రాయండి. కాఫీ, సిగరెట్, ఉపవాసాలు కూడా. "మానమంటారా?" అని కాక, "దీంతో నా మందు పెరుగుతుందా తగ్గుతుందా, ఏ పరీక్ష ఎప్పుడు చేయించాలి?" అని అడగండి. పొట్లం మీద పేరు లేకపోతే ఆ పొట్లాన్నే తీసుకెళ్ళండి, ఖాళీ అయ్యేదాకా ఆగకండి.